ఒక బాలునితో చెప్పిన మాట
చార్లెస్ హాడన్ స్పర్జన్‌గారి జీవితము



మన సంఘాలలో సండేస్కూలు చెప్పేవారు అప్పుడప్పుడు మాతో ఒక మాట అంటుంటారు. వచ్చేది ఆరేడుగురు పిల్లలు. వారిలో సగం మందికి తెలుగు చదవడం రాదు. బడిలో తమిళమో, కన్నడమో, ఒరియానో, మరాఠీయో చదువుకుని వస్తారు. ఈ వారం చెప్పిన కథ వచ్చే వారానికి గుర్తుండదు. ఇంత శ్రమపడి ఏమి ప్రయోజనమండీ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు వాదన పెట్టుకుని జవాబు చెప్పడం మా ఉద్దేశము కాదు. బాప్తిస్టు బోధకులలో ఎంతో పేరుగాంచిన ఒక దైవజనుని జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాము. ఆయన ప్రసంగాల గొప్పతనము చాలామందికి తెలుసు. ఆయన చిన్నవాడుగా ఉన్నప్పుడు ఎవరెవరు ఆయనతో ఏమేమి చెప్పారో, ఆ మాటలు ఆయనలో ఎంతకాలము నిలిచాయో, దానినే ఇక్కడ ముఖ్యముగా చెప్పదలచాము.

తాతగారి ఇల్లు

చార్లెస్ హాడన్ స్పర్జన్ 1834వ సంవత్సరము జూన్ 19వ తేదీన ఇంగ్లండులోని ఎస్సెక్స్ ప్రాంతములో కెల్వెడన్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి జాన్ స్పర్జన్‌గారు వారమంతా బొగ్గు వ్యాపారి దగ్గర గుమాస్తా పని చేసి, ఆదివారము టోల్స్‌బరీ అనే ఊరిలో చిన్న సంఘానికి కాపరిగా ఉండేవారు. తల్లి పేరు ఎలైజా. ఆ దంపతులకు పదిహేడుగురు పిల్లలు పుట్టగా, తొమ్మిదిమంది పసితనములోనే చనిపోయారు. మిగిలినవారిలో చార్లెస్ పెద్దవాడు.

ఇంటి ఇబ్బందుల వలన రెండేళ్ళు నిండకముందే అతనిని స్టాంబోర్న్ అనే పల్లెలో తాతగారింటికి పంపారు. తాత జేమ్స్ స్పర్జన్‌గారు ఆ ఊరి సంఘానికి ఏబది సంవత్సరములకు పైగా కాపరిగా ఉన్నారు. ఆ ఇంట్లో పెళ్ళికాని మేనత్త ఆన్ అతనిని తల్లిలా సాకింది. అయిదారేళ్ళు వచ్చేదాకా అక్కడే పెరిగాడు. తరువాత కూడా సెలవులు వస్తే అక్కడికే వెళ్ళేవాడు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో కిటికీలమీద పన్ను ఉండేది. అందుచేత ఒక గది కిటికీ మూసివేశారు. ఆ చీకటి గదిలో పాత భక్తుల గ్రంథాలు పడి ఉండేవి. మన ఇండ్లలో యాత్రికుని ప్రయాణము అని చదువుకునే బన్యన్‌గారి పుస్తకము ఆ బాలునికి అక్కడే దొరికింది. జీవితకాలములో దానిని నూరుసార్లకు పైగా చదివాడు.

నాయనమ్మగారు కీర్తనలు కంఠస్థము చేస్తే ఒక్కొక్క దానికి ఒక పెన్నీ ఇస్తానన్నారు. మనవడు నేర్చుకునే వేగము చూసి అర పెన్నీకి, తరువాత పావు పెన్నీకి తగ్గించవలసి వచ్చింది. ఇంతలో తాతగారు ఇంట్లో ఎలుకల బాధ భరించలేక డజను ఎలుకలకు ఒక షిల్లింగు ఇస్తానన్నారు. లెక్క వేసుకుని బాలుడు కీర్తనలు వదలి ఎలుకల వేటకు దిగాడు! అయితే ఎలుకల డబ్బు ఖర్చయిపోయింది. నేర్చుకున్న కీర్తనలు మాత్రము ముసలితనము వచ్చేవరకు ఆయన ప్రసంగాలలో అక్కరకు వచ్చాయి.

పిల్లలు మనము వారితో చెప్పే మాటలే కాదు, వారి ఎదుట మాట్లాడుకునే మాటలు కూడా వింటారు. సంఘ సభ్యుడు థామస్ రోడ్స్ అనే అతడు సారాయి కొట్టుకు పోతున్నాడని తాతగారు బాధపడుతుంటే ఈ చిన్నవాడు విన్నాడు. ఎవరికీ చెప్పకుండా ఆ కొట్టుకే వెళ్ళి, పెద్దమనిషిని వేలు చూపి, నీవు దైవసేవకుని గుండె పగులగొడుతున్నావు, ఇక్కడ నీకేమి పని అని అడిగాడు. రోడ్స్ సిగ్గుపడి, తాగుతున్నది అక్కడే వదలి బయటికి వచ్చి ప్రార్థించాడు. తరువాత సంఘములో నమ్మకముగా నిలిచాడు.

బలపము అప్పు

చార్లెస్ చిన్న బడికి పోయే రోజుల్లో బలపాలు తరచు పోగొట్టుకునేవాడు. ఇంట్లో అడిగితే తిడతారని భయము. కొట్టు నడిపే ఒక పెద్దావిడ దగ్గర పావు పెన్నీకి ఒక బలపము అప్పుగా తీసుకున్నాడు. క్రిస్మసుకు ఎవరైనా డబ్బులిస్తారు, అప్పుడు తీర్చేద్దామని అతని ఆలోచన. సంగతి ఎలాగో తండ్రిగారికి తెలిసింది. ఆయన కొట్టలేదు. అప్పు చేయడము ఎంత ప్రమాదమో, ఈ రోజు పావు పెన్నీ అప్పు చేసినవాడు రేపు ఎంతకు తెగిస్తాడో, ఇంటి పరువు ఎలా పోతుందో గట్టిగా చెప్పి, అతనిని కొట్టుకు నడిపించి బాకీ కట్టించారు. దారి పొడుగునా బాలుడు ఏడుస్తూనే ఉన్నాడు. బాకీ తీరిన తరువాత పంజరములోనుండి విడిపించిన పక్షిలా ఎగిరి వచ్చాడు.

ఈ మాట ఎంతదూరము వెళ్ళిందో చూడండి. లండనులో ఆయన సంఘానికి మెట్రోపాలిటన్ టాబర్నేకిల్ అనే గొప్ప ఆలయము కట్టినప్పుడు దాదాపు 31,000 పౌండ్లు ఖర్చయింది. 1861లో దానిని ప్రతిష్ఠించేనాటికి ఒక్క పెన్నీ బాకీ లేకుండా ఉండాలని స్పర్జన్‌గారు పట్టుబట్టారు. అలాగే జరిగింది. బలపము దగ్గర తండ్రి చెప్పిన పాఠము ఆలయము దగ్గర ఫలించింది.

తోటలో మూడు ఉదయాలు

1844 వేసవిలో చార్లెస్ తాతగారింట్లో ఉన్నాడు. వయస్సు పదేళ్ళు. లండను మిషనరీ సొసైటీ పక్షముగా ఆ ప్రాంతములోని సంఘాలను దర్శించడానికి రిచర్డ్ నిల్ అనే దైవసేవకుడు వచ్చి ఆ ఇంట్లో దిగారు. ఈ నిల్‌గారు మన దేశానికి కొత్తవారు కారు. 1816లో మిషనెరీగా మద్రాసుకు వచ్చి, తరువాత 1818లో నాగర్‌కోయిల్ చేరి, ఆరోగ్యము చెడి స్వదేశానికి తిరిగి వెళ్ళినవారే. ఆ తరువాత రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్‌లో 1820 నుండి 1833 వరకు సేవ చేశారు. తమిళనాడులో ఉన్న మన తెలుగు కుటుంబాలవారు ఆ పేరు గుర్తు పెట్టుకోదగినది.

అంత అనుభవముగల మిషనెరీ, ఇంటి పెద్దలతో మాట్లాడుకుంటూ కాలము గడపలేదు. కుటుంబ ప్రార్థనలో ఈ బాలుడు బైబిలు చదివిన తీరు ఆయనకు నచ్చింది. నీవు ఎక్కడ పడుకుంటావు, ఉదయము నిన్ను లేపుతాను అని చెప్పారు. మరునాడు ఆరు గంటలకే లేపి తోటలోకి తీసుకువెళ్ళారు. అక్కడ గుబురుగా పెరిగిన యూ చెట్టును కత్తిరించి పందిరిలా చేసిన చోటు ఉంది. అందులో కూర్చుని యేసుప్రభువు ప్రేమను గురించి, చిన్నతనములోనే ఆయనను నమ్ముకోవడములోని ఆనందమును గురించి ఆ బాలునితో మాట్లాడారు. ప్రసంగము చేసినట్లు కాదు, స్నేహితునితో మాట్లాడినట్లు. బాలుడు చెప్పేదీ ఓపికగా విన్నారు. తరువాత మోకరించి, అతని మెడ చుట్టూ చేతులు వేసి ప్రార్థించారు. ఇలా మూడు రోజులు.

వెళ్ళేరోజున ఇంటివారంతా కూడినప్పుడు, నిల్‌గారు బాలుని ఒడిలో కూర్చోబెట్టుకుని, ఈ పిల్లవాడు ఒకనాడు సువార్త ప్రకటిస్తాడనీ, గొప్ప జనసమూహములకు ప్రకటిస్తాడనీ, రోలండ్ హిల్‌గారి చాపెలులో బోధిస్తాడనీ అందరి ఎదుట చెప్పారు. ఆ దినమున కూపర్ కవి రచించిన ఒక కీర్తన పాడించాలని అతనిచేత మాట తీసుకున్నారు. అది నేర్చుకోవడానికి ఆరు పెన్నీల నాణెము చేతిలో పెట్టారు.

సంవత్సరములు గడిచాయి. స్పర్జన్‌గారు లండనులో పేరుగాంచిన తరువాత, ఒకసారి రోలండ్ హిల్‌గారు స్థాపించిన సర్రే చాపెలులో పిల్లలకు బోధించవలసిన పెద్దాయన జబ్బుపడగా, స్పర్జన్‌గారిని పిలిచారు. ఫలానా కీర్తన పాడిస్తేనే వస్తానని ఆయన షరతు పెట్టారు. పాడించారు. ఆయన కండ్లు నీళ్ళతో నిండిపోయాయి. రోలండ్ హిల్‌గారి మరో చాపెలు ఉన్న వాటన్-అండర్-ఎడ్జ్ అనే ఊరిలోనూ ఆయన బోధించినప్పుడు అదే కీర్తన పాడారు. నిల్‌గారు అప్పటికి చెస్టర్ పట్టణములో కాపరిగా ఉన్నారు. 1857 జనవరి 2న ఆయన ప్రభువునందు నిద్రించారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నిల్‌గారి మాట వినగానే బాలుడు మారుమనస్సు పొందలేదు. ఆరేళ్ళు పట్టింది. ఆ మాట నెరవేరడానికి ఆ మాటే సాయపడిందని స్పర్జన్‌గారు తరువాత తలపోశారు. ఎవరో ఒక దైవజనుడు తనను నమ్మాడు. ఆ నమ్మకానికి తగినవాడుగా ఉండాలని, ముందు తాను రక్షణ పొందాలని బాలుని మనస్సు ఎదురుచూస్తూనే ఉంది.

కాపరి అడిగిన ప్రశ్న

కోల్చెస్టర్ పట్టణములో చదువుకునేటప్పుడు ఒక చలికాలము తరగతిలో ఎప్పుడూ మొదట ఉండే చార్లెస్ చివరికి జారిపోయాడు. ఉపాధ్యాయునికి అంతుబట్టలేదు. తరువాత చూస్తే మొదటి స్థానము చలిగాలి కొట్టే తలుపు దగ్గర, చివరి స్థానము పొయ్యి దగ్గర ఉన్నాయి! ఆయన కోప్పడక వరుసను తిప్పి పెట్టారు. చార్లెస్ వెంటనే మొదటికి వచ్చాడు. పిల్లవాడు వెనుకబడితే తెలివి తక్కువని అనేముందు, అతడు ఎక్కడ కూర్చున్నాడో చూడాలన్నమాట.

1848లో పదునాలుగేండ్ల వయస్సులో అతనిని మేడ్‌స్టోన్ అనే ఊరిలోని బడికి పంపారు. అది ఇంగ్లండు సంఘమువారి బడి. అక్కడికి వచ్చే కాపరి పిల్లలకు ప్రశ్నోత్తరములు నేర్పేవారు. ఒకనాడు బాప్తిస్మము పొందేవారిలో ఏమేమి ఉండాలి అని అడిగితే, చార్లెస్ వారి పుస్తకము ప్రకారమే మారుమనస్సు, విశ్వాసము అని చెప్పాడు. పసివాడవుగా ఉన్నప్పుడు తాతగారు నీకు ఇచ్చిన బాప్తిస్మములో అవి లేవు గదా, మా సంఘములో అయితే పిల్లల పక్షముగా పెద్దలు వాగ్దానము చేస్తారు అని ఆ కాపరి వాదించారు. లేఖనములు వెదకి చూడమని ఒక వారము గడువు ఇచ్చారు.

బాలుడు వెదికాడు. విశ్వాసము, మారుమనస్సు ముందు, బాప్తిస్మము తరువాత అని అతనికి స్పష్టమైంది. అయితే ఒకరి పక్షముగా మరొకరు విశ్వసించడము ఎక్కడా కనబడలేదు. నేను నిజముగా మారుమనస్సు పొందితే ఆనాడే బాప్తిస్మము తీసుకుంటానని మనస్సులో నిశ్చయించుకున్నాడు. ఆ కాపరి అతనిని తమ సంఘములోకి తేవాలనుకున్నారు. ఆయన ప్రశ్న అతనిని బాప్తిస్టుగా చేసింది! పిల్లవానికి నిజాయితీగా ప్రశ్న వేసి, బైబిలు తెరచి వెదకమంటే ఏమవుతుందో ఇందులో ఉంది.

వంటింటి పాఠాలు

1849లో న్యూమార్కెట్ పట్టణములో ఒక బడిలో సహాయ ఉపాధ్యాయునిగా చేరాడు. చదువుకుంటూనే చిన్న పిల్లలకు చెప్పేవాడు. ఆ బడిలో మేరీ కింగ్ అనే వంటావిడ ఉండేది. పెద్ద చదువు లేదు. కాని బైబిలు బాగా ఎరిగిన బాప్తిస్టు విశ్వాసురాలు. పని ముగిసిన తరువాత ఆ పిల్లవానితో కూర్చుని దేవుని కృపను గురించి, ఏర్పాటును గురించి, నిత్యనిబంధనను గురించి ముచ్చటించేది. వేదాంత పట్టాలున్న పండితుల దగ్గరకంటె ఆ వంటింట్లోనే తాను ఎక్కువ నేర్చుకున్నానని స్పర్జన్‌గారు పెద్దవాడైన తరువాత కూడా చెప్పుకునేవారు. ఆమె వృద్ధాప్యములో ఇబ్బంది పడుతుంటే తన సొంత డబ్బుతో ఆదుకున్నారు. గురుదక్షిణ మరువని శిష్యుడు ఆయన.

మంచు కురిసిన ఆదివారము

ఇన్ని మాటలు విన్నా అతని హృదయములో సమాధానము లేదు. తల్లి ఆదివారము సాయంకాలము పిల్లలను బల్ల చుట్టూ కూర్చోబెట్టి వాక్యము చదివించి, కన్నీళ్ళతో ప్రార్థించేది. ఇంత చెప్పినా వినకపోతే తీర్పు దినమున మీకు విరోధముగా నేనే సాక్ష్యము చెప్పవలసి వస్తుందని ఆమె అన్న మాట అతని మనస్సాక్షిని గుచ్చుతూ ఉండేది. పాపభారముతో అయిదేండ్లు వేదనపడ్డాడు.

1850 జనవరి 6, ఆదివారము. కోల్చెస్టర్‌లో పెద్ద మంచు తుఫాను. వెళ్ళాలనుకున్న చోటికి వెళ్ళలేక ఒక సందులోని చిన్న మెథడిస్టు చాపెలులోకి దూరాడు. లోపల పదిహేనుమందికి మించి లేరు. రావలసిన బోధకుడు మంచులో చిక్కుకుని రాలేదు. బక్కపలుచని ఒక మనిషి, చెప్పులు కుట్టేవాడో దర్జీవాడో, లేచి యెషయా 45:22 తీసి, అదే మాట తిరిగి తిరిగి చెప్పాడు. అతనికి చదువు తక్కువ, చెప్పడానికి ఇంకేమీ లేదు. చివరికి బాల్కనీ క్రింద కూర్చున్న కొత్త కుర్రవానివైపు చూసి, నీ ముఖములో చాలా దుఃఖము కనబడుతున్నది, యేసువైపు చూడు అన్నాడు. చార్లెస్ చూశాడు. ఆ ఘడియలోనే అతని భారము తొలగిపోయింది. ఆ బోధకుడు ఎవరో స్పర్జన్‌గారికి చివరివరకు నిశ్చయముగా తెలియలేదు. తాను ఎవరితో మాట్లాడాడో ఆ బోధకునికీ ఆనాడు తెలియదు.

మే 3వ తేదీన ఐల్‌హామ్ రేవు దగ్గర లార్క్ నదిలో కాంట్లో అనే కాపరి అతనికి బాప్తిస్మమిచ్చారు. తెల్లవారుజామునే బయలుదేరి ఎనిమిది మైళ్ళు నడచి వెళ్ళాడు. ఆ రోజు తల్లి పుట్టినరోజు. నీవు క్రైస్తవుడవు కావాలని ప్రార్థించానుగాని బాప్తిస్టువు కావాలని ప్రార్థించలేదురా అని తల్లి అంటే, దేవుడు మీరు అడిగినదానికంటె అధికముగా ఇచ్చాడమ్మా అని కొడుకు జవాబిచ్చాడట.

పెద్దవాడైన తరువాత

ఆ తరువాత కథ మీలో అనేకులకు తెలిసినదే. న్యూమార్కెట్‌లో వెంటనే సండేస్కూలు తరగతి తీసుకున్నాడు. పదహారేళ్ళకు టెవర్‌షామ్ అనే పల్లెలో ఒక గుడిసెలో మొదటి ప్రసంగము. పదిహేడేళ్ళకు వాటర్‌బీచ్ సంఘానికి కాపరి. 1854లో పందొమ్మిదేళ్ళ వయస్సులో లండను న్యూపార్క్ స్ట్రీట్ బాప్తిస్టు సంఘానికి కాపరి. 1856 అక్టోబరులో సర్రే గార్డెన్స్ హాలులో జనము కిక్కిరిసిన కూటములో ఎవరో అగ్ని అగ్ని అని కేకవేయగా, తొక్కిసలాటలో ఏడుగురు మరణించారు. ఆ దుఃఖములో ఆయన మనస్సు దాదాపు విరిగిపోయింది. అయినను దేవుడు తిరిగి నిలబెట్టాడు. 1857 అక్టోబరు 7న క్రిస్టల్ పాలెస్‌లో 23,654 మందికి బోధించారు. గొప్ప జనసమూహములని నిల్‌గారు చెప్పిన మాట అలా నెరవేరింది.

తాను పొందినదానిని స్పర్జన్‌గారు పిల్లలకు తిరిగి ఇచ్చారు. 1867లో లండనులోని స్టాక్‌వెల్‌లో అనాథ బాలుర కోసము గృహములు కట్టడము మొదలుపెట్టారు. 1879లో బాలికలకూ ప్రారంభించారు. పిల్లలందరినీ ఒక పెద్ద హాలులో కుక్కకుండా, కుటుంబాలలాగా వేరువేరు ఇండ్లలో ఉంచారు. అనాథలని లోకానికి తెలిసేలా ఒకే రకము యూనిఫారము తొడగనివ్వలేదు. 1892 జనవరి 31న ఫ్రాన్సు దేశములోని మెంటోన్ పట్టణములో, 57వ ఏట ప్రభువు సన్నిధికి వెళ్ళారు.

మన మాట

ప్రియులారా, ఈ జీవితములో మాట చెప్పినవారిని లెక్కపెట్టండి. ఒక నాయనమ్మ, ఒక తండ్రి, ఒక తల్లి, దారిన పోయే మిషనెరీ, ఒక వంటావిడ, పేరు తెలియని పనివాడు. వీరిలో వేలమందిని కూర్చిన వక్తలు ఎవరూ లేరు. ఒక్కొక్కరు ఒక్క పిల్లవానితో మాట్లాడారు.

నిల్‌గారి ప్రవచనము విని మనమూ ప్రతి పిల్లవానిని నీవు గొప్ప బోధకుడవు అవుతావని పొగడమని మేము చెప్పడము లేదు. ప్రవచనానికి ముందు మూడు ఉదయాలు ఉన్నాయి. నిద్ర మానుకుని లేచిన ఆరు గంటల వేళ ఉంది. పిల్లవాడు చెప్పేది వినే ఓపిక ఉంది. మెడ చుట్టూ చేయి వేసి చేసిన ప్రార్థన ఉంది. అది లేకుండా చెప్పిన పొగడ్త గాలికి పోతుంది. అలాగే, నీకు ఏమీ రాదు, నీ తెలుగు విని నవ్వు వస్తుంది అని మనము తేలికగా అనే మాట కూడా పిల్లవానిలో అంతే కాలము నిలుస్తుందని మరువకూడదు. పరాయి రాష్ట్రములో పెరుగుతున్న మన పిల్లలలో కొందరు ఆ ఒక్క మాటకే తెలుగు ఆరాధనకు దూరమైపోతారు.

కాబట్టి వచ్చే ఆదివారము ఒక పిల్లవాడు కూడబలుక్కుంటూ వాక్యము చదివితే, తొందరపెట్టకండి. చదవనివ్వండి. తరగతి అయిన తరువాత అతనిని అయిదు నిమిషములు పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి, వినండి, పేరు పెట్టి ప్రార్థించండి. వచ్చేది ఆరుగురే అని చింతపడవద్దు. నిల్‌గారి తోటలో ఉన్నది ఒక్కడే. సమయోచితమైన మాట విలువను గూర్చి సామెతలు 25:11 ఏమి బోధిస్తున్నదో ఈ వారము మీ ఇండ్లలో చదువుకొనండి.

మన సండేస్కూలు పరిచర్యను ప్రభువు ఆశీర్వదించును గాక. ఆమేన్.